షుగరు ఉన్నవారు కంటి ఒత్తిడిని ఎలా పరీక్షించుకోవాలి, ఎలా అదుపులో పెట్టుకోవాలి

షుగరు ఉన్నవారు ఏటా కళ్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వైద్యుడి మాటల్లో ఎక్కువగా వినిపించేది రెటీనా, అంటే కంటి వెనక వెలుతురును గ్రహించే పొర, సంగతే. ఇచ్చిన చీటీలో మాత్రం ఒక మూల కుడి కంటికీ ఎడమ కంటికీ చెరొక అంకె రాసి ఉంటుంది. అది కంటి లోపలి ఒత్తిడి. చాలామంది దాన్ని గమనించరు. గమనించినవారిలో కొందరు 21 దాటిందని కంగారు పడతారు, మరికొందరు దాటలేదని నిశ్చింతగా ఉంటారు. షుగరు లేనివారికే ఈ రెండూ తొందరపాటు అవుతాయి. షుగరు ఉన్నవారికి మరీను, ఎందుకంటే వారి కంట్లో ఒత్తిడి పెరగడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని దారులు కనీసం మూడున్నాయి, ఒక్కో దారికి వైద్యమూ వేరు. అందువల్ల ఎంత ఉందో తెలుసుకుని ఆగిపోకుండా, ఎందుకు పెరిగిందో తేలేవరకు ఏమేం చేయాలో, ఏ వరసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

మొదట ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలుసుకోండి

కంటి ముందు భాగంలో, కార్నియా అనే పారదర్శకమైన పొరకూ లోపలి కటకానికీ మధ్య, నీటిలాంటి ద్రవం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర, దాని వెనకనున్న సిలియరీ బాడీ అనే భాగం ఆ ద్రవాన్ని తయారుచేస్తుంది. ఐరిస్, కార్నియా కలిసే కోణంలో ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా అది ఇంకిపోయి రక్తంలో కలుస్తుంది. సుమారు రెండు గంటలకోసారి పాత ద్రవమంతా పోయి కొత్తది చేరుతుంది. ఊరడం, ఇంకడం సరిసమానంగా సాగినంతకాలం ఒత్తిడి నిలకడగా ఉంటుంది. ఇంకే దారి మూసుకుపోతే పెరుగుతుంది. దీనికీ కన్నీటికీ సంబంధం లేదు. రక్తపోటుతో కూడా దీన్ని కలిపి చూడకండి: చేతికి పట్టీ కట్టి చూసిన బీపీ సరిగ్గా ఉన్నంత మాత్రాన కంట్లో ఒత్తిడి సరిగ్గా ఉందని అర్థం కాదు. ఒత్తిడి నెమ్మదిగా పెరిగినప్పుడు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు మసకబారదు. కొలిస్తే తప్ప తెలియదు.

ఇక ఆ మూడు దారులు. మొదటిది ఎవరికైనా రాగలిగేది: కోణం తెరిచే ఉన్నా జల్లెడ క్రమంగా మందగించి, ఏళ్ల తరబడి ఒత్తిడి ఎక్కువగా ఉండిపోయి, చివరికి కంటి నరం దెబ్బతినడం. నీటికాసులు లేదా గ్లాకోమా అనే జబ్బులో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. రెండోది షుగరు వల్ల నేరుగా వచ్చేది: రెటీనాకు రక్తం సరిగా అందనప్పుడు అది కొత్త రక్తనాళాలను పుట్టించే రసాయనాలను విడుదల చేస్తుంది, ఆ నాళాలు ఐరిస్ మీదికీ కోణంలోకీ పాకి జల్లెడను పొరలా కప్పేస్తాయి. మూడోది వైద్యం వెంట వచ్చేది: రెటీనా వాపు తగ్గడానికి కంట్లోకి ఇచ్చిన స్టెరాయిడ్ గానీ, మరో జబ్బుకు వాడిన స్టెరాయిడ్ గానీ ద్రవం ఇంకడాన్ని అడ్డుకోవడం. వీటికి తోడు, కోణం పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారిలో కటకం ఉబ్బినప్పుడు దారి ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

టైప్ 2 షుగరు బయటపడిన వెంటనే, టైప్ 1 అయితే బయటపడిన ఐదేళ్లలోపు, మొదటిసారి కంటిపాప పెద్దది చేసి చూసే పూర్తి పరీక్ష చేయించుకోవాలి. ఆ తరువాత సాధారణంగా ఏడాదికొకసారి. షుగరు ఉన్న స్త్రీ గర్భం దాల్చినట్లయితే మొదటి మూడు నెలల్లోనే మళ్లీ చూపించుకోవాలి. ఒత్తిడి ఒకసారి ఎక్కువగా కనిపించినవారికి ఈ ఏడాది లెక్క వర్తించదు, వైద్యుడు చెప్పిన గడువు వర్తిస్తుంది.

వెళ్లే ముందు ఒక కాగితం మీద కొన్ని విషయాలు రాసుకోండి. ఇటీవలి హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) ఎంత, షుగరు ఎన్నేళ్ల నుంచి ఉంది, ఏయే మందులు వాడుతున్నారు, ఉబ్బసం గానీ గుండె వేగం తగ్గే జబ్బు గానీ మూత్రపిండాల సమస్య గానీ ఉందా, సల్ఫా మందులు పడవా, కళ్లద్దాలు తీసేయడానికి లేజర్ చేయించుకున్నారా, తల్లిదండ్రులలో, తోబుట్టువులలో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అన్నవి అందులో ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా, గత ఏడాదిలో వాడిన స్టెరాయిడ్‌లన్నీ రాయండి. మాత్రలు, కంటి చుక్కలు మాత్రమే స్టెరాయిడ్‌లు అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఉబ్బసానికి పీల్చే మందు, ముక్కులో కొట్టుకునే మందు, ముఖానికీ రెప్పలకూ రాసిన క్రీము, మోకాలిలోనో భుజంలోనో వేయించుకున్న ఇంజెక్షన్ కూడా ఆ జాబితాలోకే వస్తాయి. కంటి వైద్యుడికీ షుగరు వైద్యుడికీ మధ్య సమాచారం మోసేది చాలాచోట్ల రోగి ఒక్కడే కాబట్టి, ఈ కాగితం ఎంత వివరంగా ఉంటే అంత మంచిది.

కొలిచే రోజున

ఒత్తిడిని కొలిచే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకదానిలో యంత్రం కంటి మీదికి గాలిని ఒక్కసారి ఊదుతుంది. కంటికి ఏదీ తాకదు, నొప్పి ఉండదు, ఉలికిపాటు మాత్రం ఉంటుంది. రెండోదానిలో కంటిని మొద్దుబార్చే చుక్క, నారింజ రంగు మందు వేసి, నీలి వెలుతురులో కార్నియాను చిన్న మొనతో మెల్లగా తాకిస్తారు. దీన్ని గోల్డ్‌మన్ పద్ధతి అంటారు. ఎవరిని ఇంకా పరీక్షించాలో ముందుగా ఏరడానికి గాలి ఊదే యంత్రం సరిపోతుంది. దానిలో అంకె ఎక్కువగా వస్తే గోల్డ్‌మన్ పద్ధతిలో మరోసారి చూడమని అడగండి. మందు మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయం మొదటి అంకె మీదే ఆధారపడకూడదు.

మెడకు బిగుతుగా ఉన్న బొత్తాం విప్పుకోండి, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి, ఊపిరి బిగబట్టకండి, రెప్పలు గట్టిగా మూయడానికి ప్రయత్నించకండి. బిగుతు బొత్తాం, ఊపిరి బిగబట్టడం, రెప్పలు బిగించడం అంకెను ఉన్నదానికంటే పెంచేవే. పరీక్షకు ముందు గబగబా లీటరు నీళ్లు తాగినా కాసేపు ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు, చాలామందిలో ఉదయం పూట ఎక్కువగా ఉంటుంది, కాబట్టి అంకె పక్కన కొలిచిన సమయం కూడా రాయించుకోండి. సమయం లేని అంకెను తరువాతి అంకెతో పోల్చడం కష్టం.

ఇక్కడ ఒక వరస తప్పకూడదు. ఒత్తిడి కొలవడం, ఐరిస్‌ను మైక్రోస్కోపుతో చూడడం, కోణాన్ని అద్దం ఉన్న ప్రత్యేక లెన్సుతో చూసే గోనియోస్కోపీ పరీక్ష, ఈ మూడూ కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే జరగాలి. కొత్త రక్తనాళాలు మొదట కనిపించేది చాలాసార్లు కంటిపాప అంచునే, సన్నని ఎర్రటి పోగుల్లా. కంటిపాప విప్పారాక అవి ముడతల్లో కలిసిపోయి కంటికి ఆనవు. రద్దీ ఎక్కువగా ఉన్నచోట రోగి కూర్చోగానే చుక్కలు వేసేయడం జరుగుతూ ఉంటుంది, అప్పుడు "ఒత్తిడి, కోణం చూశాక వేస్తారా?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుకుంటుంది, కాబట్టి వాహనం నడపకండి.

అంకెను చదవడం

సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం వరకు మామూలు ఒత్తిడి అంటారు. ఈ హద్దు జనాభాలో ఎక్కువమందికి ఉండే ఒత్తిడిని బట్టి గీసినదే తప్ప, ఈ పక్క ఆరోగ్యం, ఆ పక్క జబ్బు అని విడదీసే గోడ కాదు. 24 ఉన్నా నరం చెక్కుచెదరనివారు ఉన్నారు. 16 ఉండగానే నరం దెబ్బతిన్నవారూ ఉన్నారు. రెండో రకాన్ని మామూలు ఒత్తిడి గ్లాకోమా అంటారు, అంకె ఒక్కటే చూసుకుని ఇంటికి వెళ్లేవారు చిక్కుకునేది ఇక్కడే.

అంకెను సరిగా చదవాలంటే కార్నియా మందం తెలియాలి. దాని సగటు మందం సుమారు 540 మైక్రాన్లు. మందం ఎక్కువైతే యంత్రం ఉన్న ఒత్తిడి కంటే ఎక్కువ చూపిస్తుంది, తక్కువైతే తక్కువ చూపిస్తుంది. షుగరు ఉన్నవారి కార్నియా కొంచెం మందంగా, బిరుసుగా ఉండే అవకాశం ఉంది, అందువల్ల వారిలో 22 లేదా 23 అన్న అంకె నిజంగా అంత కాకపోవచ్చు. లేజర్‌తో కళ్లద్దాలు తీసేయించుకున్నవారిలో దీనికి తిరగబడిన ప్రమాదం ఉంది: కార్నియా పలచబడడం వల్ల ఎక్కువగా ఉన్న ఒత్తిడి కూడా మామూలుగా కనిపిస్తుంది. మందం కొలిచే పాకిమెట్రీ పరీక్ష కొద్ది నిమిషాల పని. సాధారణంగా ఒకసారి చేయించుకుంటే చాలు. రెండు కళ్ల అంకెల మధ్య తేడాను కూడా చూడండి. రెండూ 18 ఉండడం కంటే ఒకటి 13, మరొకటి 20 ఉండడం ఎక్కువ ఆలోచించవలసిన విషయం, ప్రత్యేకించి ఎక్కువ ఉన్న కంటికే ఇదివరకు ఇంజెక్షన్ వేసి ఉంటే.

నరం బాగుండి ఒత్తిడి మాత్రమే ఎక్కువగా ఉన్నప్పుడు వెంటనే మందు వేయాలా అన్న ప్రశ్నకు 2002లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికా పరిశోధన ఉపయోగపడే లెక్క ఇచ్చింది. అటువంటివారిలో ఐదేళ్లలో గ్లాకోమా వచ్చినవారు చికిత్స లేనివారిలో నూటికి 9.5 మంది, చికిత్స తీసుకున్నవారిలో 4.4 మంది. మందు ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించిందనీ, మందు లేకపోయినా పదిమందిలో తొమ్మిదిమందికి ఆ ఐదేళ్లలో జబ్బు రాలేదనీ రెండూ ఇందులోనే ఉన్నాయి. వయసు, కార్నియా మందం, నరం ఆకారం చూసి వైద్యుడు కొందరికి మందు రాయడం, కొందరిని గమనిస్తూ ఉండమనడం అందుకే.

ఎందుకు పెరిగిందో తేల్చుకోండి

వైద్యుడిని మూడు ప్రశ్నలు అడగండి: నా కోణం తెరిచి ఉందా? ఐరిస్ మీద గానీ కోణంలో గానీ కొత్త రక్తనాళాలు ఉన్నాయా? ఈ పెరుగుదల స్టెరాయిడ్ వల్ల కావచ్చా?

కొత్త రక్తనాళాలు కనిపిస్తే చుక్కలు వేసుకుంటూ నెలలు గడపడం సరికాదు. చుక్కలు ఒత్తిడిని కొంత తగ్గిస్తాయి గానీ నాళాలు పుట్టడానికి మూలం రెటీనాకు రక్తం సరిగా అందకపోవడం. దానికి, కొత్త నాళాలను పుట్టించే వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు, రెటీనా అంతటా చేసే లేజర్ అవసరమవుతాయి. ఇంజెక్షన్‌తో నాళాలు కొద్ది రోజుల్లోనే ముడుచుకుంటాయి, అది చూసి నయమైపోయిందని లేజర్ మానేసేవారు ఉన్నారు. మందు ప్రభావం తగ్గాక నాళాలు తిరిగి వస్తాయి, ఆలోపు కోణం అతుక్కుపోతే మళ్లీ తెరుచుకోదు. లేజర్ కోసం ఇచ్చిన తేదీని వాయిదా వేయకండి. షుగరు ఉన్నవారి కంటి వైద్యంలో ఆలస్యానికి ఇంత మూల్యం చెల్లించే సందర్భాలు కొద్దిగానే ఉంటాయి.

స్టెరాయిడ్ సంగతి వేరు. స్టెరాయిడ్ చుక్కలు కొన్ని వారాలు వాడినప్పుడు సుమారు మూడింట ఒక వంతు మందిలో ఒత్తిడి ఓ మోస్తరుగా, నూటికి ఐదుగురిలో బాగా ఎక్కువగా పెరుగుతుంది. షుగరు ఉన్నవారికి, కుటుంబంలో గ్లాకోమా ఉన్నవారికి ఈ అవకాశం మరింత ఎక్కువ. రెటీనా వాపుకు కంట్లో పెట్టే డెక్సామెథాసోన్ గుళిక వల్ల ఒత్తిడి సాధారణంగా రెండు నెలల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. కాబట్టి ఇంజెక్షన్ వేసిన మర్నాడు మామూలుగా ఉందని చెప్పినా సరే, నెలకూ రెండు నెలలకూ మళ్లీ కొలిపించుకోండి. చూపు బాగుపడిందన్న సంతోషంలో ఈ రెండో కొలతకు వెళ్లనివారే ఎక్కువ. ఒత్తిడి పెరిగిందని స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపేయకండి. చాలామందిలో చుక్కలతో అది అదుపులోకి వస్తుంది, లేదా వైద్యుడు మందు మారుస్తాడు.

నరాన్ని, చూపు పరిధిని నమోదు చేయించండి

నరం చుట్టూ ఉన్న పోగుల మందాన్ని ఓసీటీ స్కాన్ చూపిస్తుంది, పక్క చూపులో లోపాలను ఫీల్డ్ టెస్ట్ చూపిస్తుంది. షుగరు ఉన్నవారిలో ఈ రెండింటికీ ఒక చిక్కు ఉంది. రెటీనా వాపు స్కాన్ కొలతలను తారుమారు చేస్తుంది. రెటీనా అంతటా లేజర్ చేసిన తరువాత పక్క చూపు కొంత తగ్గుతుంది, అది లేజర్ వల్లనా గ్లాకోమా వల్లనా అని తరువాత విడదీయడం కష్టమవుతుంది. అత్యవసరం కానప్పుడు లేజర్‌కు ముందే ఒక ఫీల్డ్ టెస్ట్, ఒక స్కాన్ చేయించి ఆ కాగితాలు దాచుకుంటే, పదేళ్ల తరువాత కూడా అవి పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. మొదటి ఫీల్డ్ టెస్ట్ అలవాటు లేక చాలామందికి సరిగా రాదు. దానితో బెంబేలు పడకుండా రెండోసారి చేయించుకోండి. షుగరు బాగా ఎక్కువగానో తక్కువగానో ఉన్న రోజున ఈ పరీక్షకు కూర్చోకండి, ఏకాగ్రత నిలవదు.

మందు ఎంచుకునేటప్పుడు షుగరును గుర్తు చేయండి

లాటనోప్రాస్ట్ వంటి చుక్కలు రోజుకొకసారి, సాధారణంగా రాత్రి వేసుకుంటే చాలు, ఒత్తిడిని బాగా తగ్గిస్తాయి. ఐరిస్ రంగు ముదరడం, రెప్పవెంట్రుకలు పెరగడం వీటితో కనిపించే మార్పులు. రెటీనా మధ్యభాగంలో వాపు ఉన్నవారు లేదా శుక్లం ఆపరేషన్ అయినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. టిమొలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి పనికిరావు. అవి కంట్లో వేసుకున్నా రక్తంలో కలుస్తాయి కాబట్టి, షుగరు పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే గుండెదడను, చేతుల వణుకును కప్పిపుచ్చగలవు. ఇన్సులిన్ వాడేవారు టిమొలాల్ మొదలుపెట్టిన తొలి వారాలలో గ్లూకోమీటరుతో మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోవాలి. చెమటలు పట్టడాన్ని మాత్రం ఈ మందు దాచదు, దాన్ని నిర్లక్ష్యం చేయకండి. ఒత్తిడి తగ్గించే అసెటజోలమైడ్ మాత్రలు రాసినప్పుడు మూత్రపిండాల పరిస్థితి చెప్పండి.

చుక్కలే దారి అని కూడా లేదు. జల్లెడ మీద చేసే ఎస్ఎల్‌టీ అనే లేజర్‌ను మొదటి చికిత్సగా ఇచ్చిన బ్రిటన్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి: మూడేళ్ల తరువాత సుమారు నూటికి 74 మందికి చుక్కల అవసరం లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. కోణం తెరిచి ఉండి, కొత్త రక్తనాళాలు లేనివారు దీని గురించి అడగవచ్చు. రెటీనాకు చేసే లేజర్, ఇది ఒకటి కావు.

చుక్క వేసుకునే తీరు

ముందు చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగి సంచిలా చేసి, సీసా మొన కంటికి గానీ రెప్పకు గానీ తగలకుండా ఒక్క చుక్క వేయండి. రెండో చుక్క వేస్తే అది చెంప మీదికే జారుతుంది, ఎందుకంటే కన్ను ఒక చుక్క కంటే ఎక్కువ పట్టదు. వెంటనే కళ్లు మెల్లగా మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నుంచి ఐదు నిమిషాలు నొక్కి ఉంచండి. మందు ముక్కులోకి, అక్కడినుంచి రక్తంలోకి పోకుండా ఇది ఆపుతుంది. టిమొలాల్ వాడేవారికి ఈ పని మరీ ముఖ్యం. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నుంచి పది నిమిషాల వ్యవధి ఇవ్వండి. షుగరు వల్ల వేళ్లలో స్పర్శ తగ్గినవారు సీసాను ఎంత నొక్కుతున్నారో తెలియక మందు వృథా చేస్తుంటారు. పడుకుని వేసుకోవడం, ఇంట్లో మరొకరి సాయం తీసుకోవడం వారికి సులువు. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, పెట్టె మీద చెప్పిన గడువు దాటగానే పారేయండి. పరీక్షకు వెళ్లే రోజున కూడా వైద్యుడు వద్దంటే తప్ప చుక్కలు మానకండి.

షుగరు, రక్తపోటు, వ్యాయామం

షుగరును అదుపులో పెట్టడం వల్ల చుక్కల అవసరం తీరిపోదు, కానీ మొదట చెప్పిన రెండో దారి, అంటే కొత్త రక్తనాళాలు పుట్టడం, మొదలయ్యేదే దెబ్బతిన్న రెటీనా నుంచి. టైప్ 1 షుగరు మీద జరిగి 1993లో ప్రచురితమైన డీసీసీటీ పరిశోధనలో, అప్పటికి రెటీనా జబ్బు లేనివారికి కట్టుదిట్టమైన అదుపు వల్ల ఆ జబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. రాత్రిపూట బీపీ మాత్రలు వేసుకునేవారు ఆ విషయం కంటి వైద్యుడికి చెప్పండి, నిద్రలో రక్తపోటు మరీ పడిపోతే కంటి నరానికి రక్తం తగ్గవచ్చు. నడక మంచిదే. తల కిందికి, కాళ్లు పైకి పెట్టే భంగిమలలో కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, వాటిని మానుకోండి. ఊపిరి బిగబట్టి ఎత్తే బరువులూ అంతే; రెటీనా మీద కొత్త రక్తనాళాలు ఉన్నవారికి వాటివల్ల కంట్లో రక్తస్రావమయ్యే ప్రమాదం అదనం.

వెంటనే పరుగెత్తవలసిన సందర్భం

కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి పెట్టడం, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించడం, చూపు ఒక్కసారిగా మసకబారడం, దానితోపాటు తలనొప్పి, వాంతులు రావడం కోణం హఠాత్తుగా మూసుకుపోయిన సూచనలు. కొత్త రక్తనాళాల వల్ల ఒత్తిడి బాగా పెరిగినా ఇలాగే ఉండవచ్చు. షుగరు ఉన్నవారిలో వాంతులు చూడగానే ఇంట్లోవారి ఆలోచన షుగరు మీదికో కడుపు మీదికో పోతుంది. గ్లూకోమీటరుతో చూడడం సరే, కంటి వైపు కూడా చూడండి. తెల్లవారాక వెళ్దామని ఆగకండి, గంటలు గడిచేకొద్దీ నరం దెబ్బతింటుంది. కంటికి అత్యవసర వైద్యం అందేచోటికి వెళ్లి, వాడుతున్న సీసాలన్నీ చూపించి, షుగరు ఉందన్న మాట అందరికంటే ముందు చికిత్స మొదలుపెట్టేవారికి చెప్పండి. ఒత్తిడిని త్వరగా దించడానికి తాగించే గ్లిజరాల్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, అందువల్ల మీకు వేరే మందు ఎంచుకోవలసి ఉంటుంది.